ఈనిన ఆవును చదివే చెయ్యి

"ఈని నాలుగో నెల నడుస్తోంది, ఇంకా ఎదకు రాలేదు" అన్న మాట పల్లెల్లో ఏ పశువైద్యశాల గుమ్మం దగ్గర నిలబడినా వినపడేదే. ఆ మాట విన్న మరుక్షణం ఎవరు ఏం చేస్తారన్నదాన్ని బట్టే పనితనం తెలిసిపోతుంది. కొందరు వెంటనే సిరంజి తీస్తారు. చెయ్యి తిరిగిన పనివాడు సంచి కింద పెట్టి, ముందు ఆవు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. డొక్క చూస్తాడు, తోక మొదలు చూస్తాడు. గాడిలో ఏం మిగిలిందో, దూడను ఎక్కడ కట్టేశారో చూస్తాడు. వెనక కాళ్ల మీద, తోక కుచ్చు మీద ఎండిన మరకలేమైనా ఉన్నాయేమో గమనిస్తాడు. ఆ తర్వాతే చేతికి తొడుగు వేసుకుంటాడు.

పశువైద్యులు కానివ్వండి, ఊరూరా తిరిగి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు కానివ్వండి, వాళ్లలో మేలైన చేతులు ఎలా పని చేస్తాయో దగ్గరుండి చూస్తే గౌరవం కలగకుండా ఉండదు. ఈనిన పశువు మళ్లీ చూడి కట్టేలోపు దాని ఒంట్లో ఒక పెద్ద మరమ్మతు జరుగుతుంది. దాన్ని కళ్లతో చూసే వీలు లేదు. బయటి గుర్తులను బట్టి, వేళ్ల స్పర్శను బట్టి అది ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో చెప్పగలగడం ఈ విద్య. ఆ చెయ్యి ఏమేం చదువుతుందో తెలిస్తే, ఎద ఎందుకు ఆలస్యమవుతుందన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఎనభై అయిదు రోజుల గడువు

ముందు లెక్క చూద్దాం. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే 365లో అది పోగా మిగిలేది 85 రోజులు. ఈనిన నాటి నుంచి ఆ గడువులోపల మళ్లీ చూడి నిలవాలి. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు కాబట్టి దానికి మిగిలేది 55 రోజులే. అందుకే గేదె పదమూడు, పద్నాలుగు నెలలకో ఈత ఈనితే మంచి పాడి అనే చెప్పుకోవాలి.

ఈ గడువులో మొదటి నలభై రోజులు గర్భకోశం బాగుపడటానికే సరిపోతాయి. మిగిలిన రోజుల్లో ఆవుకు ఎదలు రెండో, మహా అయితే మూడో వస్తాయి. ఒక్క ఎద కంటబడకుండా జారిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ మూడు వారాలూ పశువు మేత తింటూనే ఉంటుంది, పాలు మాత్రం తరుగుతూ పోతాయి. తర్వాతి ఈత వెనక్కి జరిగిన కొద్దీ ఇంట్లో పాలు లేని రోజులు పెరుగుతాయి. రెండు గేదెల మీద ఇల్లు గడిచే కుటుంబానికి ఇది పిల్లల ఫీజుతో, కిరాణా కొట్టు బాకీతో ముడిపడిన సంగతి.

గర్భకోశం చేసుకునే మరమ్మతు

ఈనిన రోజున ఆవు గర్భకోశం తొమ్మిది పది కిలోల బరువుంటుంది. పొడవు దాదాపు మీటరు. నెల తిరిగేసరికి అదే గర్భకోశం కిలోకు అటూ ఇటూగా తగ్గిపోతుంది. అమెరికాలో గియర్, మారియన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ తగ్గుదలను ఓపికగా కొలిచి 1968లో ప్రకటించారు. అడ్డకొలత అయిదు రోజుల్లో సగమవుతుంది. బరువు సగం కావడానికి వారం, పొడవు సగం కావడానికి రెండు వారాలు పడుతుంది. ఒంట్లో మరే అవయవమూ ఇంత తక్కువ కాలంలో ఇంతగా కరిగి, మళ్లీ పనికి సిద్ధం కాదేమో.

ఆ తగ్గుదల వెనక మూడు పనులు కలిసి నడుస్తాయి. కండరం బిగుస్తూ వదులుతూ లోపలి ద్రవాన్ని బయటికి నెడుతుంది. మాయ అతుక్కుని ఉండిన బొడిపెలు, నూరుకు అటూ ఇటూగా ఉండేవి, పై భాగం చచ్చి రాలిపోతాయి. ఈనిన పన్నెండో రోజు ప్రాంతంలో ఆ రాలడం పూర్తవుతుంది. రాలిన చోట కొత్త పొర మొలిచి, ఇరవై అయిదు ముప్పై రోజులకల్లా లోపలి గోడంతా కప్పేస్తుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో పడే మైల రెండు మూడు వారాల్లో పలచబడి ఆగిపోవడం ఈ పనికి బయట కనిపించే ఆనవాలు.

ఈ కాలంలో గర్భకోశంలోకి సూక్ష్మజీవులు చేరడం మామూలే. ఈనిన మొదటి రెండు వారాల్లో దాదాపు ప్రతి ఆవు గర్భకోశంలోనూ అవి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పశువు వాటిని తనంతట తానే బయటికి గెంటేస్తుంది. మరమ్మతు దెబ్బతినే సందర్భాలు వేరే ఉన్నాయి: దూడ అడ్డం తిరిగి కష్టంగా ఈనడం, కవలలు, మాయ పడకపోవడం, పాల జ్వరం. పాల జ్వరంలో రక్తంలో కాల్షియం తగ్గుతుంది. కండరం బిగియాలంటే కాల్షియం కావాలి గనక, అది తగ్గినప్పుడు గర్భకోశం సడలిపోయి లోపలి మురికి లోపలే నిలుస్తుంది.

మాయ సంగతిలో మంచి పనివాడి నిగ్రహం కనిపిస్తుంది. ఈనిన పన్నెండు గంటల్లోపు మాయ పడాలి. ఇరవై నాలుగు గంటలు దాటినా వేలాడుతూ ఉంటే నిలిచిపోయిందని అర్థం. దానికి రాయో ఇటుకో కట్టి వేలాడదీయడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. చెయ్యి పెట్టి లాగేయమని ఒత్తిడి చేసేవాళ్లూ ఉంటారు. బలవంతంగా లాగితే బొడిపెలు చిరిగి, పైపొర గాయపడి, తొందరగా మానాల్సింది ఆలస్యమవుతుంది. తెలిసినవాడు లాగడు. రోజూ జ్వరం చూడమంటాడు, మేత తింటోందా లేదా చెప్పమంటాడు, దుర్వాసన వస్తే వెంటనే కబురు పెట్టమంటాడు. జ్వరం, నీరసం, కుళ్లు వాసన కనబడితే అప్పుడు మందు మొదలుపెడతాడు. చెయ్యి పెట్టకుండా కాపు కాయడం కూడా పనితనమే అని ఇక్కడ తెలుస్తుంది.

వేళ్ల చివర చూపు

ఇక ఆ చెయ్యి పని చూద్దాం. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉండాలి, ఉంగరం తీసెయ్యాలి. భుజం దాకా తొడుగు వేసుకుని, నునుపు కోసం జెల్లో సబ్బు నీళ్లో రాసుకుని, అయిదు వేళ్లూ ఒకచోటికి కూర్చి పేడదారిలోకి నెమ్మదిగా పోనిస్తాడు. పేగు బిగిసినప్పుడు చెయ్యి ఆపాలి, వదిలినప్పుడు ముందుకు జరపాలి. తొందరపడితే పేగు లోపలి పొర గీరుకుని రక్తం వస్తుంది. పశువు నడుము వంచి ముక్కడం మొదలుపెడితే తెలిసిన చెయ్యి అక్కడే నిలిచి, దాని పట్టు సడలేదాకా ఆగుతుంది.

కటి ఎముకల అడుగున గట్టిగా, గొట్టంలా తగిలేది గర్భాశయ ముఖద్వారం. అది దొరికితే దారి దొరికినట్టే. అక్కడి నుంచి ముందుకు పోతే గర్భకోశం రెండు కొమ్ములుగా చీలుతుంది. దూడను మోసిన కొమ్ము మొదట్లో లావుగా ఉంటుంది. నలభై రోజులకు రెండూ దాదాపు సమానంగా రావాలి. పనివాడు వేళ్ల చివరలతో పొడవడు, వేళ్ల మెత్తని భాగంతో తడుముతాడు. గోడ మందంగా ఉందా, నొక్కితే బిగుసుకుంటోందా, లోపల ద్రవం కదులుతోందా అని చూస్తాడు. ఈని నెల దాటినా కొమ్ము సడలి, లోపల చిక్కటి ద్రవం ఆడుతుంటే చీము ఉన్నట్టే. మానం దగ్గర తెల్లటి తీగో పచ్చటి తీగో కనబడితే ఆ అనుమానం రూఢి అవుతుంది.

ఆ తర్వాత కొమ్ముల చివర పక్కగా అండాశయాలు. బాగా అలవాటున్న చేతికి ఇక్కడే అసలు కథ తెలుస్తుంది. రెండు అండాశయాలూ చిన్నగా, చదునుగా, ఏ బొడిపె లేకుండా తగిలితే పశువు నిజంగా ఎద లేని స్థితిలో ఉంది. ఒకదాని మీద గట్టి బొడిపె తగిలితే అది కార్పస్ లూటియం. అంటే అండం ఇప్పటికే విడుదలైంది, ఎద చక్రం నడుస్తోంది, ఎద మాత్రం ఎవరి కంటా పడలేదు. నీళ్లు నిండిన పొక్కులా నునుపుగా, ఒత్తితే వెనక్కి లేచేటట్టు తగిలితే అది అండాన్ని మోస్తూ ఎదిగే ఫాలికల్, ఎద దగ్గర పడిందన్నమాట.

ఒక్క పరీక్షతో నమ్మకం కుదరకపోతే పది రోజుల తర్వాత మళ్లీ వస్తానంటాడు. ఆ పది రోజులకు కారణం ఉంది. చక్రం నడిచే ఆవులో కార్పస్ లూటియం ఎద తర్వాత అయిదారు రోజుల నుంచి పదహారు పదిహేడో రోజు దాకా చేతికి తగులుతుంది. మొదటిసారి అది లేని రోజుల్లో పరీక్ష జరిగి ఉంటే, పది రోజుల తర్వాత తప్పకుండా తగులుతుంది. రెండుసార్లూ తగలకపోతే అండాశయం నిద్రలో ఉన్నట్టే.

వీటన్నిటికన్నా ముందు చూసేది ఇంకొకటి ఉంది. పశువు ఇప్పటికే చూడితో ఉందేమో! మేతకు వెళ్లిన చోట ఊరి ఆంబోతు దాటి ఉండవచ్చు, ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. అలాంటి ఆవుకు ఎద రప్పించే ప్రోస్టాగ్లాండిన్ సూది వేస్తే చూలు పోతుంది. "ఎదకు రాలేదు" అన్న ఒకే ఫిర్యాదు వెనక చూడి ఉండవచ్చు, చీము ఉండవచ్చు, ఎవరి కంటా పడని మూగ ఎద ఉండవచ్చు, నిద్రపోతున్న అండాశయం ఉండవచ్చు. నాలుగింటికీ నాలుగు దారులు. ఆ నాలుగింటినీ చేతితో విడదీసి చెప్పడమే ఈ విద్యలో గొప్పతనం.

మొదటి ఎద ఎందుకు కనిపించదు?

అండాశయం పని మొదలుపెట్టడానికి మనం అనుకున్నంత కాలం పట్టదు. ఈనిన వారం రోజుల్లోనే కొత్త ఫాలికల్స్ గుంపుగా ఎదగడం మొదలవుతుంది. పది పన్నెండు రోజులకు వాటిలో ఒకటి మిగతావాటిని మించిపోతుంది. అది పగిలి అండం విడుదల చేయాలంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను గంటకొకసారి చొప్పున ఉబుకుతూ రావాలి. చూడి చివరి నెలల్లో ఆ గ్రంథిలోని ఎల్‌హెచ్ నిల్వలు అడుగంటుతాయి. మళ్లీ నిండటానికి రెండు మూడు వారాలు. అందుకే పుష్టిగా ఉన్న పాడి ఆవులో మొదటి అండం సాధారణంగా మూడు, నాలుగు వారాల మధ్య విడుదలవుతుంది.

ఆ మొదటిసారి ఆవు చాలామటుకు అరవదు, ఎగబడదు, తీగ కూడా సరిగా వేయదు. ఎద లక్షణాలు చూపించాలంటే మెదడు అంతకుముందు కొన్ని రోజులు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ప్రభావంలో ఉండి ఉండాలి. ఈనిన తొలి రోజుల్లో ఆ హార్మోను ఇంకా తయారై ఉండదు. మొదటి అండం విడుదలయ్యాక ఏర్పడే కార్పస్ లూటియం ప్రొజెస్టిరాన్‌ను ఇస్తుంది గానీ, తరచుగా అది ఎనిమిది పది రోజులకే కరిగిపోతుంది. ఆ పొట్టి చక్రం తర్వాత వచ్చేదే బాహాటంగా కనిపించే ఎద. లోపలి పొర ఇంకా మానుతున్న రోజుల్లో చూలు నిలవకుండా ఈ క్రమం కాపాడుతుంది. పశువు దేహం తొందరపడదు. ఇల్లు సర్దుకున్నాకే కొత్త చూలుకు చోటిస్తుంది.

డొక్క చెప్పే మాట

ఎల్‌హెచ్ ఉబుకు ఎంత వేగంగా రావాలో నిర్ణయించేది పశువు ఒంట్లోని శక్తి. ఈనిన వెంటనే పాలు పెరుగుతాయి, ఆకలి మాత్రం అంత తొందరగా పెరగదు. తిన్నదానికీ పాలల్లో పోయేదానికీ మధ్య లోటును ఒంటి కొవ్వు కరిగి పూడుస్తుంది. ఆ లోటు రోజుల్లో రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోను తగ్గుతాయి. తిండి చాలడం లేదన్న సమాచారం ఆ దారిన మెదడుకు చేరి ఎల్‌హెచ్ మందగిస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బట్లర్, స్మిత్ 1989లో ఇందులో కీలకమైన సంగతి చెప్పారు. లోటు అట్టడుగుకు చేరి, మళ్లీ పైకి లేవడం మొదలైన పది రోజుల ప్రాంతంలో మొదటి అండం విడుదలవుతుంది. లోటు పూర్తిగా పూడనక్కర్లేదు, దిశ మారితే చాలు.

వాళ్లే మరో లెక్క కూడా చూపించారు. ఒంటి పుష్టిని 1 నుంచి 5 దాకా అంకెలతో కొలిచే పద్ధతి ఒకటుంది. ఈనిన తర్వాత ఆ కొలతలో అర అంకె కంటే తక్కువ తగ్గిన ఆవుల్లో మొదటి గర్భధారణ సూదికే 65 శాతం చూడి నిలిచాయి. అర నుంచి ఒక అంకె దాకా తగ్గినవాటిలో 53 శాతం. ఒక అంకె మించి చిక్కినవాటిలో 17 శాతం మాత్రమే. సూది అదే, వేసే చెయ్యి అదే. తేడా అంతా డొక్కలో ఉంది.

ఆ అంకె వేయడం కూడా ఒక హస్తవిద్య. పనివాడు పశువు వెనక నిలబడి తుంటి ఎముకకూ పిరుదు ఎముకకూ మధ్య గీత చూస్తాడు. అది లోతుగా వంగి ఉందా, నిండుగా ఉందా? తోక మొదలుకు రెండు పక్కలా గుంట పడిందా, కొవ్వుతో పూడిందా? ఆపైన పక్కకు వచ్చి నడుము మీద అరచెయ్యి ఆనించి, అడ్డంగా పొడుచుకొచ్చిన ఎముకల చివర్లను బొటనవేలితో ఒత్తుతాడు. ఎముక పదునుగా తగిలితే 2 లేక అంతకన్నా తక్కువ. కాస్త ఒత్తితే గుండ్రంగా తగిలితే 3. ఎంత ఒత్తినా తగలకపోతే 4 దాటినట్టు. ఈనే వేళకు 3, 3.5 మధ్య ఉండాలి. అంతకు మించి బలిసినా మంచిది కాదు. బలిసిన ఆవు ఈనాక సరిగా మేత తినదు, కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయానికి చేరుతుంది. నిమిషం పట్టని ఈ పరీక్షకు కావలసిందల్లా చూసే కన్ను, తడిమే చెయ్యి.

మన పాకల్లో ఈ సంభాషణ తరచుగా జరుగుతుంది.

"సూదేసి పోండి డాక్టరుగారూ, నాలుగో నెల వచ్చింది, ఇంకా ఎదకు రాలా."

"వేద్దాం పెద్దమ్మా. ఈనేముందు రెండు నెలలు దీనికేం పెట్టావో చెప్పు ముందు."

"వట్టిదానికి ఏం పెడతాం బాబూ, గడ్డేశాం."

ఆ చివరి మాటలోనే రోగమంతా ఉంది. పాలివ్వని రెండు నెలలూ గేదెకు వరిగడ్డి మాత్రమే వేస్తాం. కడుపులో దూడ అత్యధికంగా ఎదిగేది ఆ రెండు నెలల్లోనే. వరిగడ్డిలో మాంసకృత్తులూ తక్కువే, భాస్వరమూ తక్కువే. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కానీ తవుడు పాలిచ్చే పశువుకే దక్కుతుంది. అలా చిక్కి ఈనిన పశువు ఆ తర్వాత ఎంత దాణా తిన్నా మొదట పాలకే పెడుతుంది, ఎద ఆఖరున వస్తుంది. అమెరికా పశుశాస్త్రవేత్త జాక్ బ్రిట్ 1990ల మొదట్లో ఇంకొంచెం లోతైన ఆలోచన ముందుకు తెచ్చారు. ఒక ఫాలికల్ మొదటి దశ నుంచి పక్వానికి రావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది గనక, ఎనభయ్యో రోజున విడుదలయ్యే అండం ఈనిన తొలి రోజుల కరవులో పెరగడం మొదలుపెట్టినదై ఉంటుందని ఆయన ప్రతిపాదన. పెద్దమ్మను డాక్టరు అడిగిన ప్రశ్న అంత వెనక్కి వెళ్లడానికి కారణం ఇదే.

దూడ దగ్గరుంటే

ఒంగోలు ఆవును పెంచినవాళ్లకు తెలుసు: దూడ కుడవందే అది చేపదు, దూడ పక్కనుంటే తొందరగా ఎదకూ రాదు. పొదుగును చీకడం వల్ల నరాలు మెదడుకు కబురు పంపి ఎదను ఆపుతున్నాయని చాలాకాలం అనుకున్నారు. టెక్సాస్‌లో గ్యారీ విలియమ్స్ బృందం ఈ నమ్మకాన్ని ఒక్కొక్క మెట్టుగా పరీక్షించిన తీరు ప్రయోగ విద్యలో మేలైన పనితనానికి ఉదాహరణ. పొదుగు నరాలు తెంచినా, సొంత దూడ దగ్గరుంటే ఎల్‌హెచ్ అణిగే ఉంది. వేరే ఆవు దూడ కుడిస్తే మాత్రం అణగలేదు. ఆపైన 1996లో గ్రిఫిత్‌తో కలిసి, ఆవు తన దూడను గుర్తుపట్టే దారులనే అడ్డగించి చూశారు. చూపు ఒక్కటి లేకపోయినా వాసనతో గుర్తుపట్టింది. వాసన లేకపోయినా చూపుతో గుర్తుపట్టింది. రెండూ లేనప్పుడు దూడ కుడుస్తున్నా ఎల్‌హెచ్ పైకి లేచింది. ఎదను ఆపుతున్నది తల్లికీ తన బిడ్డకూ మధ్య ఉన్న గుర్తింపు అని అలా తేలింది.

ఈ ఫలితం చదివినప్పుడు నాకు ఆవు మీద గౌరవం పెరిగింది. బిడ్డ తన మీద ఆధారపడి ఉందని తెలిసినంత కాలం దేహం మరో బిడ్డకు దారి ఇవ్వడానికి వెనకాడుతుంది. రైతుకు దీనివల్ల కలిగే ఉపయోగమూ ఉంది. దూడను రోజంతా తల్లి పక్కన వదలకుండా, పాలు పితికే రెండు పూటలా కుడిపించి, మిగతా వేళ కంటికీ ముక్కుకూ అందనంత దూరంలో కట్టేస్తే ఎద ముందుకు జరుగుతుంది. రెండు రోజులు పూర్తిగా విడదీసే పద్ధతి కూడా ఉంది. అయితే తల్లి ఒంట్లో పుష్టి ఉంటేనే ఇవి పని చేస్తాయి. ఎముకలు తేలిన ఆవుకు దూడను ఎంత దూరం కట్టినా ప్రయోజనం తక్కువ.

ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో లక్షల మందలుగా పెరిగింది. దూడలు తల్లుల వెంటే ఉండే ఆ మందల్లోనూ ఇదే చిక్కు. అక్కడి పశువైద్యులు ప్రొజెస్టిరాన్ పరికరాన్ని కొన్ని రోజులు లోపల ఉంచి తీసి, హార్మోను సూదులతో నిర్ణీత సమయానికి కృత్రిమ గర్భధారణ చేసే పద్ధతిని పెద్ద ఎత్తున నడుపుతున్నారు. నెల్లూరు పేరు మోసే ఆవు అక్కడా తన స్వభావం వదులుకోలేదు, పనివాళ్లే దానికి తగ్గట్టు విద్య నేర్చుకున్నారు.

గేదె, ఎండ, తెల్లవారుజాము

గేదె దగ్గర ఈ విద్య ఇంకా కష్టం. దాని నల్లటి ఒంటికి ఎండ తట్టుకునే శక్తి తక్కువ, చెమట గ్రంథులూ తక్కువ. పగటి వెలుగు తగ్గే కాలంలో, అంటే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అది ఎక్కువగా ఎదకు వస్తుంది. ఫిబ్రవరి, మే మధ్య ఈనిన గేదె ఎండాకాలమంతా మౌనంగా ఉండి, వానలు కురిసి చల్లబడ్డాక కదులుతుంది. ఎద వచ్చినా అది ఎక్కువగా రాత్రి వేళ, తెల్లవారుజామున వస్తుంది. ఆవులా మరో పశువు మీదికి ఎగబడదు. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం వాచి ఎర్రబారడం, పాలు ఉన్నట్టుండి తగ్గడం, చేపడానికి మొండికేయడం. గుర్తులు ఇంతే.

వీటిని పట్టుకునేది పాలు పితికే ఆడమనిషి. చెంబు పట్టుకుని పొదుగు కింద కూర్చున్న ఆమెకు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చేతికే తెలుస్తుంది. పడుకుని లేచిన చోట నేల మీద మెరిసే తీగ మరకను చూసేదీ ఆమే. పనితనం తెలిసిన డాక్టరు ఇంటి యజమానిని వదిలి నేరుగా ఆమెనే అడుగుతాడు. వేసవిలో నీడ, రోజుకు రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు, చెరువులో మునిగే వీలు, రాత్రిపూట మేత కల్పించమని చెప్పేదీ ఆమెకే.

ఎద కనబడ్డాక సూది ఎప్పుడన్నది నెబ్రాస్కాలో ట్రింబర్గర్ 1940లలో చేసిన పనితో స్థిరపడింది. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం. ఎద ముగిసిన పది పన్నెండు గంటలకు అండం విడుదలవుతుంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్న వీర్యం స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం కరిగించి, తుడిచి, గన్నులో అమర్చి లోపలికి పోనిచ్చేటప్పుడు మంచి చెయ్యి గన్నును నెట్టదు. లోపలి చేత్తో ముఖద్వారాన్ని పట్టుకుని, దానిలోని మడతలను ఒక్కొక్కటిగా గన్ను మీదికి తొడుగుతుంది. చివరి మడత దాటగానే ఆపి, అక్కడే నెమ్మదిగా వదులుతుంది.

1995లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పర్స్‌లీ, మీ, విల్ట్‌బ్యాంక్ కలిసి ఎదను చూడకుండానే సూది వేసే వీలు కల్పించారు. మొదటి రోజు ఒక హార్మోను, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, రెండు రోజుల తర్వాత మళ్లీ మొదటి హార్మోను, పదహారు నుంచి ఇరవై గంటల్లో కృత్రిమ గర్భధారణ. ఆవు చక్రాన్ని అంత కచ్చితంగా అర్థం చేసుకుని కూర్చిన క్రమం అది. మూగ ఎద ఉన్న పశువుకు అది వరం. చిక్కి శల్యమై, అండాశయం నిద్రపోతున్న గేదెకు మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. ఏ పశువుకు ఏది పనికొస్తుందో చెప్పగలిగేది మళ్లీ ఆ చెయ్యే.

దేనికి డబ్బు ఇస్తున్నాం?

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, సూది వేయకుండా చెప్పే మాట. "ఇంకా పది రోజులు ఆగుదాం", "దూడను అవతల కట్టెయ్యండి", "తవుడూ ఖనిజ లవణ మిశ్రమమూ ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి", "వచ్చే ఈతకు ముందు రెండు నెలలు దీన్ని మరవకండి". ఆ నాలుగు మాటల వెనక ఏళ్ల అనుభవం, వందల పశువుల్లో పెట్టిన చెయ్యి, ప్రయోగశాలల్లో దశాబ్దాల శ్రమ ఉన్నాయి. మనం మాత్రం సూదికి డబ్బు ఇస్తాం, చూపుకు ఇవ్వం. సూది వేయకుండా వెళ్లిన వాడిని ఉత్తి చేతులతో వెళ్లాడనుకుంటాం. అందువల్లే అవసరం లేని చోట కూడా సూది పడుతుంది.

పాల సంఘాలు, పంచాయతీలు, పశుసంవర్ధక శాఖ తలచుకుంటే ఇది మార్చడం కష్టమేమీ కాదు. ఈనిన ప్రతి పశువుకూ ముప్పై నలభై రోజుల మధ్య ఒక పరీక్ష, ఈనబోయే ముందు రెండు నెలలప్పుడు ఒంటి పుష్టి చూసే మరో పరీక్ష ఉండాలి. ఆ రెండింటికీ గోపాలమిత్రకూ డాక్టరుకూ విడిగా రుసుము ఇవ్వాలి. పరీక్షలో తేలింది ఇంటి గోడకు తగిలించే ఒక కార్డులో రాయాలి, పాలు పితికే ఆమెకు చదివి వినిపించాలి. ఆ ఖర్చు ఒక ఎద తప్పిపోతే కలిగే నష్టం కంటే చాలా తక్కువ. చదవగలిగిన చేతులు మన ఊళ్లలో ఉన్నాయి. ఎద తప్పిన నాలుగో నెలలో వాటిని పిలిచే బదులు, పశువు వట్టిపోయిన రోజునే పిలవడం నేర్చుకుందాం.